ఆరుంబావు

మా నాన్న కొలతల పుస్తకంలో ఆమెకు పేరు లేదు.
"ఆరుంబావు. ఎడమ చిటికెనవేలు వంకర."
అంతే.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఆమె
వెండి నాణెం మీద
మొగుడి ముక్కు వెనకాల
తొంగిచూసే అరముక్కు.

టీమాన్ చేతొడుగుల దుకాణమంటే మాదే.
మేకపిల్ల తోలుని పటికలో, పిండిలో, గుడ్డుసొనలో నానబెట్టి
గంటలకొద్దీ కాళ్ళతో తొక్కితే
ఉల్లిపొరంత పల్చనయ్యేది,
తొడుక్కుంటే గోరు అంచు కూడా పైకి తేలేది.

పెళ్ళికి ముందురోజు కొలతలకి పిలిచారు.
పదిహేడేళ్ళ పిల్ల, ఉత్తర సముద్రపు ఉప్పుగాలి పిల్ల,
మా భాష రాదు.
కాగితం మీద చెయ్యి పెట్టించి
నాన్న పెన్సిలు వేళ్ళ సందుల్లోంచి పోనిస్తుంటే
కిసుక్కున నవ్విందట.
గోడవారగా నిలబడ్డ పెద్దావిడలు నలుగురూ దగ్గారట.
ఆ నవ్వు ఎలా ఉంటుందో
నాన్న చచ్చేదాకా మాకు నవ్వి చూపించాడు,
ఒక్కసారీ కుదర్లేదు.

ఏడాదికి ఇరవై డజన్లు.
ఒకసారి తొడిగింది మళ్ళీ తొడగకూడదు.
విడిచినవి మూటకట్టి మాకే పంపేవారు
చిల్లర సంచులు కుట్టి అమ్ముకోమని.
కుట్లు విప్పే పని నాది.
తోలు తిరగేస్తే ఏదీ దాగదు.
రాయబారుల విందు మర్నాడు
అరచెయ్యంతా చెమట అట్టకట్టి ఉండేది.
చూపుడువేలి కొస మీద పంటిగాట్లు.
ఓసారి సిరా. ఓసారి గుర్రం వెంట్రుక.
రాకుమారుడు పుట్టిన చలికాలం
మణికట్టు బొత్తాం దగ్గర పాలమరక.
ముగ్గురు దాదులున్న బిడ్డకి
తనే దొంగచాటుగా పాలిస్తోందని
చక్రవర్తికి తెలీదు.
పన్నెండేళ్ళ నాకు తెలుసు.

మూడో ఏడు వేసవిలో
నల్లవి పది డజన్లు కావాలని కబురొచ్చింది.
వాటితోపాటు ఒక్క జత తెల్లవి,
నా రెండు వేళ్ళు పట్టేంతవి.
ఆ రాత్రి నాన్న దీపం వత్తి రెండుసార్లు పెంచాడు,
సూది కనబడ్డంలేదని.

తర్వాత పుస్తకంలో ఇంకో కొలత చేరింది.
"ఏడున్నర. గులాబీరంగు. మోచేతి దాకా."
నాటకశాలలో పాడే మనిషిది.
ఆ బిల్లూ మహారాణీవారి పద్దులోకే వెళ్ళేది.
కింద ఆమె సంతకమే ఉండేది,
ఒక్క అక్షరమూ వణక్కుండా.

ఒక శుక్రవారం సామ్రాజ్యం అయిపోయింది.
మా అద్దాలు పగలగొట్టారు.
"రాణి గోళ్ళకి కాపలాదార్లు" అని
తలుపు మీద తారుతో రాశారు.
పుస్తకాన్ని పిండిడబ్బాలో దాచి కొండలు దాటాను.

ఇరవై రెండేళ్ళు.
సరస్సు ఒడ్డున ఒంటికిటికీ కొట్టు ఇప్పుడు నాది.
ఇక్కడ తోలువి ఎవరడుగుతారు, అన్నీ ఊలువే.
నవంబరులో ఒక ముసలామె వచ్చింది,
చంకలో ఉల్లికాడల సంచి,
చలికి పగిలి ఎర్రబడ్డ చేతులు.
"ఉతికితే ముడుచుకుపోనివి" అంది.
ముఖం నాకేం తెలుసు, నాణెం మీద సగమే చూశాను.
చెయ్యి బల్లమీద పెట్టింది.
చిటికెనవేలు వంకర.

ఊలువాటికి కొలతలక్కర్లేదు. చిన్నవి, పెద్దవి, అంతే.
అయినా కాగితం పరిచాను.
పెన్సిలు నెమ్మదిగా సందుల్లోంచి పోనిచ్చాను.
నవ్వలేదు. కీళ్ళ దగ్గర పెన్సిలే కాస్త తడబడింది.
ఆరూ ముప్పావు.

"పేరు?"
కాసేపు కిటికీ వైపు చూసింది.
పదకొండు పేర్లు చదివి పట్టం కట్టిన మనిషి
"ఇంకె" అంది,
వాళ్ళ ఉత్తరాదిలో పడవలవాళ్ళ పిల్లల్ని పిలిచే పేరు.
రాసుకున్నాను.

రెండు కాసులు తగ్గించమంది.
ఒకటే తగ్గించాను.