సున్నా నుంచి లెక్క

నరసాపురం రేవులో టికెట్ల గదిలోనే
సిగ్నల్ నాలుగు గీతలుంటుంది.
అందుకని సత్తిరాజు మావయ్య కుర్చీ నాకిచ్చి
తను బయట నిలబడ్డాడు,
టికెట్ల కట్ట చొక్కా లోపల దోపుకుని.
తుప్పర పడుతోంది. గోదారి పోటు మీదుంది.

పదకొండింటికన్నారు. పావుగంట ఆలస్యంగా
తెరమీద ఒకాయన వెలిగాడు, వెనకాల పుస్తకాల బొమ్మ.
"నీ పేరు ఎలా పలకాలమ్మా?"
సరెళ్ళ రూతుకుమారి, అన్నాను.
నాలుగేళ్ళ కాలేజీలో ఎవరూ అడగలేదు.
మొదటి మార్కు ఆయనకే వేశాను.

రెండోది మాత్రం అందరూ అడిగేదే:
ఈ రెండేళ్ళూ ఏం చేశావ్?
రొయ్యల షెడ్డులో తలలు తీశాను
అనొచ్చు. అనలేదు.
సొంతంగా నేర్చుకున్నాను, అన్నాను.
అదీ అబద్ధం కాదు.
ఐసులో నానిన వేలిని ఫోను గుర్తుపట్టదు,
షెడ్డు వెనక్కి పోయి ఊది ఊది వేళ్ళు ఆరబెట్టుకుని
పాఠాలు విన్నాను.

స్టాకుకీ క్యూకీ తేడా?
నవ్వొచ్చింది. కిటికీలోంచి పంటు కనబడుతోంది.
అటు ముందెక్కిన బండి ఇటు ముందు దిగితే క్యూ.
ఒక్కవైపు తలుపే తెరుచుకునే రోజున
ఆఖర్న ఎక్కిన ఐసు ఆటో ముందు దిగాలి,
మొదట ఎక్కిన పెళ్ళివారి కారు
మూతి ముడుచుకుని ఆగాలి.
అది స్టాకు.
ఇంగ్లీషులోకి దాటించేసరికి పెళ్ళివారు జారిపోయారు,
ఐసు కరిగిపోయింది,
పుస్తకంలో వాక్యం ఒడ్డెక్కింది.
ఆయన తలూపాడు.

తర్వాత కోడు రాయమన్నాడు.
వరసలో పదిమంది, వెనకనుంచి ముందుకి తిప్పాలి.
సగంలో ఉండగా హారను.
"ఏమిటా శబ్దం?"
"పంటు సార్."
"ఫ్రంటా?"
"పంటు. ఏరు దాటిస్తుంది. మా నాన్న సరంగు."
కాసేపు కదల్లేదు,
నెట్టు ఆగిందో మనిషి ఆగాడో.

నడిపిస్తే తొమ్మిదిమందే తిరిగొచ్చారు.
"ఒకటి తగ్గింది, చూడు."
చూశాను. మెడ వెనక చెమట.
ఎంతమంది ఎక్కారని అడిగితే నాన్న
ఒకటీ రెండూ అని మొదలెట్టి నలభై అంటాడు,
చక్రం పట్టుకున్న తనని ఎప్పుడూ కలుపుకోడు.
మెషీను లెక్క అది కాదు,
సున్నా దగ్గరా ఒక మనిషి నిలబడి ఉంటాడు.
నేను ఒకటి దగ్గర మొదలెట్టాను,
ఆయన కూతుర్నేగా.
దిద్దాను. పదిమందీ వచ్చారు.

"నువ్వేమైనా అడుగుతావా?"
బట్టీపట్టింది ఒకటుంది, నోటికొచ్చింది ఇంకోటి:
"ఫ్రెషరు ఉద్యోగానికి రెండేళ్ళ అనుభవం
ఎందుకడిగారు సార్?"
నవ్వాడు. "అది నేను రాసింది కాదు.
వారంలో చెబుతాం."

తెర నల్లబడింది. అందులో నా మొహం,
నా వెనక రేట్ల బోర్డు తిరగబడి:
మనిషికి, సైకిలుకి, మోటారు సైకిలుకి, మేకకి.

కుర్చీ తుడిచిచ్చాను.
ఆగిపోయిన ఫ్యాను కింద తడిసిన టికెట్లు పరుస్తూ
"వచ్చేసిందా?" అన్నాడు మావయ్య.
ఉద్యోగమో, కరెంటో.
ల్యాప్‌టాప్ గ్రేసక్కది,
రెండింటి మొగల్తూరు బస్సుకి అందించాలి.

పంటు ఒడ్డుకి ఆనింది.
కేబిన్లోంచి నాన్న చెయ్యెత్తి
ఏమైందన్నట్టు తిప్పాడు.
ఏం చూపించాలో తెలీక
దిగేవాళ్ళని లెక్కపెట్టడం మొదలెట్టాను,
ఆయన దగ్గర్నుంచి.