నూలువాసి

తాళ్ళరేవు దాటాక
ఏరు మడచెట్ల వేళ్ళలోకి చీలిపోయే చోట
తాటాకు పందిరి కింద
పదహారు నెలలుగా ఒక పడవ
పూర్తికాకుండా ఉంది.
పూర్తికాలేదని నేనే అంటున్నాను.
దారిన పోయేవాళ్ళెవరూ అనడం లేదు.

పలకలు బిగించాను. విప్పాను.
మళ్ళీ చిత్రిక పట్టాను.
కుడివైపు తుమ్మవంక కాస్త బొద్దుగా ఉందేమోనని
అర్ధరాత్రి లేచి, సెల్లు లైటు వేసి, వేలితో తడిమాను.
అద్దంలా చేద్దామనుకున్న పలక
అప్పడంలా పలచబడింది.
చెక్కపొట్టు మాత్రం గుట్టయింది,
పక్కింటి కోడి అందులో పొదిగిన పిల్లలు
పెరిగి, అక్కడే గుడ్లు పెడుతున్నాయి.

"పిండి పులిసిందాకా ఆగొచ్చు,
పురుగు పట్టిందాకా ఆగకూడదు"
అంది మా నూకరత్నం, గిన్నెలు తోముతూ,
నా వైపు చూడకుండా.

నాకు పని నేర్పిన ఓలేటి సూరన్న మావ
పడవ కడితే చుక్క నీరు దిగదని పేరు.
మావ పోయి ఏడేళ్ళయింది.
ఆ పేరు మాత్రం నా భుజం మీద కాకిలా వాలింది,
ఉలి ఎత్తినప్పుడల్లా కావుమంటుంది.

బయానా ఇచ్చిన పెమ్మాడి బంగారమ్మ
మొదట్లో నెలకోసారి వచ్చేది, తర్వాత వారానికోసారి.
పీతల బుట్ట దించి, కొంగుతో మెడ తుడుచుకుని,
"ఆయ్, ఎంతవరకొచ్చిందండీ?"
"ఇంకొక్క పదిరోజులు."
నా పదిరోజులకి ఎన్ని రోజులో
ఆవిడకి తెలిసిపోయింది.
వేట నిషేధం వెళ్ళిపోయింది.
ఎర్రనీరు వచ్చింది, వెళ్ళింది.
ఆవిడ కొడుకు అద్దె పడవ మీద పోతూ
నా పందిరి వైపు చూడడం మానేశాడు.

మొన్న కార్తీక అమావాస్య పోటుకి,
తెల్లవారకముందే,
ఎనిమిదిమందిని వెంటేసుకొచ్చింది.
నేను లేచేసరికే అరటిబోదెలు పరిచేశారు.
"రంగు ఆరలేదు. ముక్కు దగ్గర సందుంది.
పేరు రాయలేదు..."
"బిడ్డని బయటికి రానీండి, పేరు తర్వాత పెట్టుకుందాం."
"నీళ్ళు దిగుతాయమ్మా!"
"దిగుతాయి. మీ సూరన్న కట్టిన పడవలో
మా ఆయన మొదటి వారమంతా
చేపలకంటే నీళ్ళే ఎక్కువ పట్టాడు.
చెక్క తడిస్తే కదండీ ఉబ్బేది?
ఏటికి పోటూ పాటూ, మనకి పొరపాటు.
అడ్డు లెగండి."

భుజం మీది కాకి ఎగిరిందో లేదో గుర్తులేదు.
తోసే చేతుల్లో నావీ రెండున్నాయి.

దిగాయి నీళ్ళు.
మడమ ములిగింది. పిక్క ములిగింది.
సిగ్గు మొహం దాకా వచ్చింది.
గట్టు మీద ఊరంతా మేస్త్రీలే.
ఖాళీ రంగుడబ్బాతో తోడాను,
ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాటి రాత్రి,
అరచేతులు నానిన అటుకులయ్యేదాకా.
మూడోనాడు పొద్దుటే
డబ్బా ముంచితే అడుగు చెక్కని గీసుకుంది,
సగమే నిండింది.
పదహారు నెలలు నేను మూయలేని సందుల్ని
ఏరు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తోంది,
నన్ను అడక్కుండా.

ముక్కు దగ్గరిది మాత్రం ఇంకా చెమరుస్తూనే ఉంది.
బంగారమ్మ కొడుకు అక్కడ గోనెగుడ్డ కుక్కి
దాని మీద కాలు పెట్టుకుని కూర్చుంటాడు.
పేరు ఎవరో బొగ్గుతో రాశారు.
"బంగార" దాకా ఏనుగుల్లాంటి అక్షరాలు,
చోటు చాలక "మ్మ" కిందికి జారింది.
పీతలకి చదువు రాదు, వచ్చి పడుతున్నాయి.

ఇవాళ రెండో పడవకి పలక ఎత్తాను.
సుద్దతాడు ఒక్కసారే కొట్టాను.
ఇంకోసారి కొట్టమని చెయ్యి లాగింది,
అబద్ధమెందుకు, గట్టిగానే లాగింది.
తాడు చుట్టి తడికలో దోపేశాను.
రంపం పెట్టాను.
గీత మీంచి నూలువాసి పక్కకి పోయింది.

పోనిచ్చాను.