మెల్లకన్నంత

అక్టోబరు చివరి గురువారం
పోస్టు బండి తోలుకుని సైమి వచ్చింది.
"కుడికి లాగుతోంది," అంది
చేతి తొడుగులైనా తియ్యకుండా.

లాగదా మరి.
పదకొండేళ్ళుగా రోడ్డు పక్కకి దిగడమే దాని ఉద్యోగం.
ఇవాలో నుంచి సరస్సు దాకా
నూట నలభై ఉత్తరాల డబ్బాలు,
నూట నలభై సార్లు కుడి చక్రం గుంటలోకి,
మళ్ళీ గట్టు మీదికి.
లిఫ్టు మీద లేపి చూస్తే
టైరు లోపలి అంచు
ఒకవైపే అరిగిన చెప్పు మడమలా ఉంది.

మేకుల టైర్లు బిగించాను. గాలి చూశాను.
స్టీరింగు నడిమికి తెచ్చి కదలకుండా కట్టేశాను.
అలైన్‌మెంట్ యంత్రం ఎర్ర అంకెలు చూపించింది.
మా నాన్నైతే బండి పొడుగునా
చేపల వల దారం లాగి, ఒక కన్ను మూసి
వెంట్రుకవాసి తేడా కూడా చెప్పేవాడు.
చెప్పి, పక్క షెడ్డువాళ్ళ కన్నా ఎక్కువే అడిగేవాడు.

"కొంచెం ఉంచెయ్యి," అంది సైమి.
"ఆ లాగుడు నాకు అలవాటే.
డబ్బా దగ్గరికి అదే తీసుకుపోతుంది."

ఉంచనన్నాను.
తారు మీద తప్పు చేతికి తెలుస్తుంది.
గొణుగుతుంది, సతాయిస్తుంది, రబ్బరు తింటుంది.
గడ్డకట్టిన మంచు మీద అదే తప్పు
నోరు మెదపదు.
డిసెంబరులో, వంతెన మలుపులో,
మధ్యాహ్నం రెండింటికే చీకటి పడ్డాక
ఒక్కసారే చెబుతుంది.

కడ్డీ మర తిప్పాను
పావు చుట్టు, ఆ పైన ఇంకో పిసరు.
ముందు చక్రాలు రెండూ
ఒకదాన్నొకటి చూసీ చూడనట్టు
కాస్త లోపలికి, మెల్లకన్నంత.
వెనక చక్రాలు తోసే పాత బండి ఇది,
నిలబడ్డప్పుడు సూటిగా పెడితే
నడిచేటప్పుడు సూటిగా పోదు.
రోడ్డు వాటిని విడదీస్తుంది.
ఆ విడిపోయేదెంతో ముందే లెక్కకట్టాలి.
అంకెలు పచ్చబడ్డాయి.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది.
మొదటి మంచు టోపీ మీద కరుగుతోంది.
"గీత గీసినట్టు పోతోంది," అంది.
మెచ్చుకోలులా లేదు ఆ మాట.

కాసేపటికి అంది:
"నిన్న ఒస్మో డబ్బా దగ్గర ఆగాను.
మార్చిలోనే పోయాడు కదా ఆయన.
ఉత్తరాలేం లేవు.
ఇన్నాళ్ళూ
బండే లాగుతోందనుకున్నాను."

నా చేతిలో స్పానరు ఉంది.
కొత్త టైర్లు, వంద కిలోమీటర్లు తిరిగాక
నట్లు ఇంకోసారి బిగించాలి.
కాఫీ పోసిచ్చి
కూర్చోమన్నాను.