ఖాళీ జాగ

నోటీసు మొదట నా దగ్గరికే వచ్చింది,
రెండు కాపీలు కావాలని.
జిరాక్స్ గాజు మీద కాగితాన్ని బోర్లా పడుకోబెట్టే ముందు
నా కంట పడింది ఒక్కటే మాట:
ఖాళీ జాగ.

నలభై మూడెకరాల పదకొండు గుంటలు.
షట్టర్ ఎత్తితే ఎదురుగా కనిపించే గుట్ట.
ఒకదాని మీద ఒకటి ఎవరో పిల్లాడు పేర్చి,
అన్నానికి పిలిస్తే వదిలేసి పోయినట్టుండే రాళ్ళు.
చలికాలం పొద్దుగూకినాక వీపు ఆనిస్తే
వంద కాపీలు తీసిన నా మిషన్ లాగే
ఇంకా వెచ్చగా ఉంటాయి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీటింగు పెట్టారు.
కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు.
గేటు లోపలివాళ్ళూ గేటు బయటివాళ్ళూ
ఒకే చాయ్ ఫ్లాస్కు కోసం చెయ్యి చాపడం అదే మొదలు.
ఒకాయన వాకింగ్ ట్రాకు కావాలన్నాడు,
ఒకామె చుట్టూ కంచె, లైట్లు అన్నది.
మొగులమ్మ లేచి, "మరి నా మేకలు యాడికి పోవాలె సారూ?" అంది.
కాసేపు
లిఫ్టు మోటారు చప్పుడు ఒక్కటే.

అప్పుడు నఫీసా ఆపా,
ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పిన మనిషి,
కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంది:
"ఖాళీ అన్నరు కదా. చలో, లెక్కపెడదాం."

మర్నాడు నా షాపులో పొడుగు రిజిస్టర్లన్నీ అయిపోయాయి.
తెల్లవారుజామున టార్చీలు, మఫ్లర్లు, ఒకరి వెనక ఒకరు.
సీతాఫలం చెట్లు రెండువందల ఆరు.
ముంగిసలు నాలుగు.
పాము కుబుసం ఒకటి, తల నుంచి తోక దాకా చిరగనిది.
పేరు తెలియని గడ్డి, పేరు తెలియని ఇంకో గడ్డి.
ఒకే నెమలిని ముగ్గురు మూడుసార్లు రాస్తే
ఆపా ఎర్రసిరాతో రెండు కొట్టేసింది:
"అబద్ధపు నెమలి ఒక్కటి చాలు,
ఫైలంతా ఎగిరిపోవడానికి."

పదో రోజు రాత్రి, షట్టర్ సగం దించుతుంటే
వంగి లోపలికొచ్చాడు గవరయ్య,
కంపెనీ షెడ్డుకి కాపలా, శ్రీకాకుళం మనిషి.
ఆధార్ కాపీ అన్నాడు. తీసిచ్చాను. పోలేదు.
"ఏదుపంది ఉందమ్మా. రాత్తిరి రెండు దాటాక వస్తాది.
మీరు తెల్లారి వస్తన్నారు, మీకెలా కనపడతాది?"
చొక్కా జేబులోంచి, పెన్ను పక్కనుంచి,
జానెడు ముల్లు తీసి గాజు మీద పెట్టాడు.
"నా పేరు మాత్తరం రాయకండి."

మీట నొక్కాను.
నలుపూ తెలుపూ, తెలుపూ నలుపూ.
ఇన్నేళ్ళలో నా మిషన్
ఇంత నిజంగా దేన్నీ దించలేదు.
మూడువందల పన్నెండో పద్దు.
సాక్షి పేరు దగ్గర ఒక గీత.

గెలిచామా అని అడుగుతారు, కాపీలకొచ్చేవాళ్ళు.
కేసు వాయిదాల మీద ఉంది.
ఈలోగా తూర్పు వైపు మూడు బండలు పోయాయి.
ఏ ఫ్లైఓవర్ కింద ఉన్నాయో,
ఎవరి వంటింటి గట్టు అయ్యాయో.
మా ఇంటి గట్టు కూడా గ్రానైటే.
వేయించిన రోజు, ఇది ఏ గుట్ట అని
నేను మేస్త్రీని అడగలేదు.
ఇప్పుడు రోజూ తుడుస్తూ చూస్తాను.

మొన్న వాన వెలిశాక పైకెక్కాం.
నాలుగో బండకి వరసగా రంధ్రాలు,
మందు కూరడానికి తొలిచి, స్టే రాగానే వదిలేసినవి.
అన్నిట్లో నీళ్ళు. అన్నిట్లో
గోరంత గోరంత ఆకాశం.
మొగులమ్మ మనవడు బోర్లా పడుకుని
ఒకదాన్లోకి వేలు పెట్టి అరిచాడు:
"తోకకప్పలు! ఆపా, రాయాల్నా ఇవి?"

ఆపా రిజిస్టర్ తెరిచింది. గాలికి పేజీ ఎగరకుండా
నేను మోచెయ్యి ఆనించాను.
"ఎన్ని?"

వాడు లెక్కపెట్టసాగాడు.
అవి ఒక్కచోట నిలవడం లేదు.
వాడు మళ్ళీ
ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.