భుజం జూడు

దేవరకొండ బస్టాండు ఎనుక సందుల
మిక్సీల రిపేరు షాపు పక్కన రేకుల షెడ్డు.
నాలుగు టీవీలు, మూడు నడుస్తయి.
గంటకు ముప్పై.
గిరాకీ లేని పొద్దు నేనే ఆడుకుంట.
తలకు బిందె బోర్లించుకున్న రాక్షసుడు
నన్ను ఇరవైమూడోసారి సంపిండు.

వానిది రోకలంత గద.
నేలకు దించితే
చేతిలున్న కంట్రోలరు గూడ గుర్రుమంటది.

దొర్లన్నా, దొర్లు, అంటడు నరహరి.
వాడు బొంగరం లెక్క దొర్లుతనే ఉంటడు.
దెబ్బ తగలదు, నిజమే.
కానీ పైన రాక్షసుని పాణం గీత
సూది మొనంత తగ్గదు.
పావుగంటకు బొటనవేలు తిమ్మిరెక్కి
ఒక్కసారి, ఒక్కసారే, జర ముందుగాల దొర్లుతడు.
గద గాలిల ఆగి ఉంటది,
వాడు లేసే దాక.

నాకీ దొర్లుడు ఎరికే.
మంగళవారం పదకొండు గొట్టంగ
గిరిగిరి ఫైనాన్సు వెంకటనారాయణ బండి చప్పుడినబడితే
సగం దించిన షటరు కింది నుంచి
గిట్లనే జారి బస్టాండు మూత్రశాల దాక వోయిన,
మూడు వారాలు.
ఆయన చెయ్యి నాకు తగలలే.
వడ్డీ ఉన్నకాడ్నే ఉండి పెరిగింది.

డాలెత్తు, అంటది అస్మా.
ఇంటర్ పిల్ల, ఓపిక జాస్తి.
ఆమె డాలు ఎనుక గువ్వ లెక్క కూసుంటది.
ఒక్కో దెబ్బకు దమ్ము గీత కరిగి కరిగి
డాలు జారిన గడియకు
రాక్షసుడు ఇంక అలవనే లేదు.
ఏడు గుట్టలు గలిపి కట్టిన మన ఖిల్లా
ఎన్ని దెబ్బలు ఆపిందో!
ఇప్పుడు లోపట సీతాఫలాలు గాస్తున్నయి,
ఎవరు గెలిసిన్రో వాటికి ఎరికలేదు.

ఆ పొద్దు చాయ్ చిల్లరకు ఒచ్చిండు జానిమియా.
మిక్సీలు జేసే చేతులే,
పీర్ల పండుగకు అలాయి ముందట కర్ర దిప్పుతయి.
తెరను జూసి నాలుక సప్పరించిండు.
"గదనెందుకు జూస్తవ్ బేటా?
కట్టె అబద్ధమాడుతది.
భుజం ఆడదు. భుజం జూడు."

నా చేతికి చీపురు కట్టె ఇచ్చి కొట్టుమన్నడు.
కొట్టిన.
ఆయన పక్కకు జరగలే, అడ్డం పెట్టలే.
నా మీదికే అరడుగు ఒచ్చిండు.
టక్.
నా కట్టె రేకులకు తగిలి పడ్డది,
మణికట్టు సాయంత్రం దాక జుమ్మన్నది.
"దీనికి ముందుకు రావాలె.
గందుకే అందరికి భయం," అని
చిల్లర మరిసి వోయిండు.

అసలు సంగతి చెప్పాలె.
ఆయన చెప్పినంక ఇంకా జల్ది సచ్చిన.
దొర్లుడు తప్పితే గీసుకపోతది,
ఇది తప్పితే గద మొత్తం నెత్తి మీదనే.
తొమ్మిదిసార్లు.
పదోసారి బిందె కింద కుడి భుజం
ఊపిరి పీల్చినట్టు లేసింది.
నొక్కిన.

కంచు చెంబు బండ మీద పడ్డట్టు
ఒక చప్పుడు.
రాక్షసుడు మోకాళ్ల మీద.
నరహరి కుర్చీ ఎక్కిండు.
పక్క షాపుల జానిమియా
ఏదో మోటరు తిప్పి సూస్తున్నడు, ఇటు తిరగలే.

మంగళవారం.
షటరు దించలే.
వెంకటనారాయణ మెట్టు మీద కాలు వెట్టిండు,
సంచి తగిలించుకున్న భుజం జర లేసింది.
"ఏం తమ్మీ, మూడు వారా..."
"మీ భార్గవ్ ఆరు గంటలు అప్పు ఆడిండన్నా.
నూట ఎనభై. ఇగో, రాసి పెట్టిన."

పెన్ను ఆగింది.
నాకైతే ఆ చప్పుడు ఇనబడ్డది.
ఆయన నా నోటుబుక్కు జూసిండు, నన్ను జూసిండు,
మీసాల కింద నవ్వో మరేందో.
నూట ఎనభై కొట్టేసిండు.

తర్వాత వేలు తడి జేసుకొని
రెండో పేజీ తిప్పిండు.

ఎనుక తెర మీద
బిందె తీసి అవతల పారేసి లేస్తున్నడు రాక్షసుడు,
పాణం గీత మళ్ల నిండుగ.
ఈసారి ఎడమ చేతిల గూడ ఏదో ఉన్నది.

భుజం జూస్తున్న.