సున్నా స్టేషన్

బెంగళూరు కింద గుహల్లేవు.
ఉన్నదంతా నల్లరాయి, నీళ్లకు కరగని మొండిఘటం.
సున్నపురాయి కావాలంటే
శుక్రవారం రాత్రి కర్నూలు బస్సెక్కాలి.
సెలవు దొరకని వారాల్లో మా సాధన
కగ్గదాసపురలో, అన్నదమ్ములు కోర్టుకెక్కి వదిలేసిన స్థలంలో,
ఒక పాత బావిలో.

సుధన్వ తాడుకు రెండు ఆధారాలు కడతాడు,
ఒకటి నమ్మకానికి, ఇంకోటి అనుమానానికి.
ఫిలోమినా నా నడుంపట్టీలు
లారీ మీద సామాను బిగించినట్టు లాగి చూస్తుంది.
నెత్తిన ఒక దీపం, జేబులో ఒకటి, సంచిలో మూడోది.
మూడూ ఆరిపోతే?
"కదలకుండా కూర్చో" అంటుంది. "అదీ విద్యే."

గట్టు మీద సుద్దతో ఒక చుక్క పెట్టి
సున్నా అని రాశాను.
కొలతలన్నీ ఇక్కణ్ణుంచే.
వెనక్కి వాలి తాడు మీద బరువు వదిలితే
నా యాభైయెనిమిది కిలోలూ
ఒక్కొక్కటే వచ్చి పేరు చెప్పుకున్నాయి.

"ఏం పోగొట్టుకుంటిరి బాయిలో?"

కన్నడం కోసం సిద్ధంగా ఉన్న చెవికి తెలుగు తగిలింది.
ప్రహరీ మీద మోచేతులు, చెవి మీద బీడీ,
ముద్దురంగప్ప. వడ్డెరాయన.
ఏమీ పోలేదు, కొలుస్తున్నామన్నాను.
"కొలిచేదానికి దిగల్లా? మా నాయన తవ్వినపుడే కొలిచినాడు.
ఏడు నిలువులు, ఒక మూర."

లేజరు పన్నెండున్నర మీటర్లంది.
లెక్కేసి చూస్తే తేడా జానెడు లేదు.
ఆ జానెడూ వాళ్ల నాయన పొడుగులో ఉందో
మా లేజరులో ఉందో.

ఫిలోమినా ముందుగా మీటరు దించింది,
అడుగున బొగ్గుపులుసు వాయువు ఎంతుందో చూడాలని.
ఆయన గోడ దిగి దగ్గరికొచ్చాడు.
"మేము దీపం దించుతా ఉంటిమి.
అది ఆరిపోతే ఆ పొద్దు పనిలేదు."
బీడీ తీశాడు, ముట్టించలేదు.
"మా తమ్ముడు ఒకనాడు దీపం మరిచిపాయె."

మీటరు పైకొచ్చిందాకా ఎవరం మాట్లాడలేదు.
అంకె మామూలుగానే ఉంది.
ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
"ఇది ఎంత?" అనడిగాడు.
సుధన్వ ధర తగ్గించి చెప్పాడు.

నేను దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు
నాకంటే ఒక అడుగు ముందు దిగింది:
"ఇప్పుడు ఎర్రమన్ను. ఇంక మొరం తగుల్తుంది చూడు.
ఆడ ఎడమపక్క చెయ్యిపెట్టు, ఊట ఉండె."
పెట్టాను. చల్లగా, పొడిగా ఉంది.
పొడి అని చెప్పలేదు.

అడుగున రెండు క్రికెట్ బంతులు, సిమెంటు సంచి,
రాతిసందులో ఒక కప్ప.
నూతిలో కప్ప అని చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు తిట్టేవారు.
ఆయన ఏ నూతిలోనూ దిగి ఉండరు.
ఈ కప్ప నా దీపం వైపు తిరగనే లేదు.
దీపం ఆర్పాను.
అప్పుడు వినిపించింది దాని గొంతు సంచి,
ఉబ్బడం, తగ్గడం,
బావి మొత్తానికి అదొక్కటే ఊపిరి.
కాదు, నాదీ ఉంది.

రాత్రి మారతహళ్లి గదిలో పటం గీస్తున్నాను.
పైనుంచి చూస్తే వలయం, పక్కనుంచి చూస్తే గొట్టం.
పటానికి అంతకంటే చేతకాదు.
'వివరాలు' గడిలో ఆయన మాటలే రాశాను:
ఎర్రమన్ను. మొరం. ఊట ఉండె.
ఆ 'ఉండె'ని ఏ కొలతలోకి మార్చాలో తెలియక
అలాగే వదిలేశాను.

వెనక వీధిలో బోరు లారీ వచ్చి నిలబడింది.
వెయ్యి అడుగులు దాటినా
దుమ్మే వస్తోందని వాచ్‌మన్ చెప్పాడు.
బల్ల వణికి, నిలువు గీత
నాలుగో నిలువు దగ్గర వంకర పోయింది.
రబ్బరు తీశాను.
లారీ ఆగలేదు.
ఆగాక దిద్దుదామని కూర్చున్నాను,
కదలకుండా.