నునుపు

నా పని మంచును నునుపు చేయడం.
రెండు పీరియడ్ల మధ్య పదిహేను నిమిషాలు
యంత్రమెక్కి గానుగెద్దులా తిరుగుతాను.
పిల్లల స్కేట్లు చెక్కిన గీతలన్నీ
వేడినీళ్ళకి కరిగి అద్దమైపోతాయి.
కనక నునుపు గురించి నాకు కొంత తెలుసు.

మిన్నెసోటా ఉత్తరాన ఇనుప గనుల పక్క ఊరు మాది.
నవంబరు నుంచి మార్చి దాకా
ఇక్కడ పిల్లలు నేల మీద నడిచేది తక్కువ.
ముప్పై ఒక్క ఏళ్ళు వాళ్ళ పేర్లు
మార్లిస్ హాగెన్ రాసేది,
పచ్చ అట్ట పుస్తకంలో, పెన్సిలుతో.
పెన్సిలెందుకంటే
"మనుషులు మారతారు ఐనో, సిరా మారదు" అనేది.

ఫీజు గడిలో ఆమె రాతలు నేను చూశాను:
"వసంతంలో ఇస్తాడు."
"రెండు బండ్ల కట్టెలు. ముట్టాయి."
"అడగొద్దు."

మొదట ఒక కంపెనీ వచ్చింది, ఆటల వేళల కోసం.
ఉచితం అన్నారు.
ఇంకోటి డబ్బు వసూలుకి,
మూడోది స్కోరుకి,
నాలుగోది గోడకి కెమెరా తగిలించి పోయింది.
నాలుగు రంగులు, నాలుగు పాస్‌వర్డులు,
అందరం తిట్టుకునేవాళ్ళం.
ఒక చలికాలం తెల్లారేసరికి
ఒకే పాస్‌వర్డు నాలుగింటినీ తెరిచింది.
సంబరపడ్డాం కూడా.
చాప కింద నీరు సంగతి అందరికీ తెలుసు.
మంచు కింద నీరు
కాలు దిగబడ్డాకే తెలుస్తుంది.

మార్లిస్ వేరే యాప్ కోసం వెతికింది.
దొరికిన రెండింటి అడుగునా
చీమ తలకాయంత అక్షరాల్లో అదే పేరు.
అందులో చేరని జట్టుని
రాష్ట్ర సంఘం టోర్నమెంటుకి రానివ్వదట.
సంఘం చొక్కాల మీద కూడా ఆ కంపెనీ బొమ్మేనట.
"మీకు నచ్చినది ఎంచుకోండి" అని రాసి ఉంటుంది,
కింద ఒకటే బొత్తాం.

కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు.
మా దగ్గర కర్రలన్నీ పిల్లల చేతుల్లోనే ఉన్నాయి,
బర్రె మాత్రం
ఎవరూ చూడని ఊళ్ళో పాలిస్తోంది.

శనివారం.
వెండెల్ ఓబర్గ్‌కి గనిలో పని పోయి ఆరు వారాలు.
అతని కొడుకు కాల్విన్ పేరు పక్కన
బూడిద రంగు తాళం బొమ్మ.
మార్లిస్ నొక్కింది. మళ్ళీ నొక్కింది.
"మీకు ఈ అనుమతి లేదు" అంది తెర.
మార్లిస్‌కి!
సహాయం నంబరుకి ఫోన్ చేస్తే
నలభై నిమిషాలు పియానో వినిపించారు.
కోచ్ సాల్మెలా ఏమీ అనలేదు.
రింకు తలుపు తీసి పట్టుకుంది,
కాల్విన్ లోపలికి జారాడు.

రెండో పీరియడ్‌లో వాడు గోల్ కొట్టాడు,
వికారంగా, పడిపోతూ, కర్ర మడమతో.
స్కోరుబోర్డు కాసేపు ఆలోచించి
"గుర్తు తెలియని ఆటగాడు" అని వెలిగింది.
వాడు గుర్తు తెలియనిది ఎవరికి?
వాడి పాలపళ్ళలో ఒకటి
ఇదే మంచులో నాకు దొరికింది.

వెండెల్ వీడియో తీయడానికి ఫోన్ ఎత్తాడు.
గోడ మీద నోటీసు: ఇక్కడ చిత్రీకరణ నిషేధం,
ప్రసార హక్కులు అమ్ముడయ్యాయి.
నెలకి పదిహేను డాలర్లు కడితే
కొడుకుని ఏ సోఫాలోంచైనా చూసుకోవచ్చు.
ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.
చేతులు రెండూ ఖాళీ అయ్యాయి కదా,
చప్పట్లు కొట్టాడు.

విరామంలో యంత్రమెక్కాను.
గోల్ ముందు కాల్విన్ పడిన చోట
బారెడు గీత, పక్కన మోకాలి గుర్తు.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
చక్రం కాస్త పక్కకి తిప్పాను.
"అక్కడ వదిలేశావు!" అని రిఫరీ అరిచాడు.
యంత్రం చప్పుడులో
నాకు వినపడకపోవడం మామూలే.

అద్దం అవతల మార్లిస్ పచ్చ పుస్తకం తెరిచి
ఖాళీ పేజీ వెతుకుతోంది.
"ఎన్నో నిమిషం?"
పెదాలతోనే అడిగింది.
స్టీరింగు వదిలేసి
పది వేళ్ళూ ఎత్తి చూపించాను.
యంత్రం కొంచెం వంకర పోయింది.